ఉస్తా చాసిబ్ పక్కింటి పరుపు

మా హిల్లా ఊళ్ళో పెళ్ళయిన ఆడవాళ్ళని పదిమందిని నిలబెట్టి, మీ పెళ్ళినాటి పరుపు ఎవరు కుట్టారని అడిగితే ఏడుగురు ఉస్తా చాసిబ్ పేరే చెబుతారు. మిగతా ముగ్గురి పరుపులు ఎలా ఉన్నాయో వాళ్ళ నడుముల్ని అడగాలి. ఇది గొప్పలకు పోయి అంటున్న మాట కాదు. ఆ పరుపులకు చారల గుడ్డ కత్తిరించి గలీబులు కుట్టింది నేనే. నా పేరు వజీహా. చాసిబ్ ఇంటికి ఎడమపక్క ఇల్లు మాది. నా భర్త పోయిన ఏడు మొదలు ఇరవై రెండేళ్ళపాటు అతను ఏకిన దూది, నేను కుట్టిన గుడ్డ కలిసే ఊళ్ళోకి వెళ్ళాయి. పేరు అతనిది, తిట్లు నావి. కుట్టు వంకర పోయిందని ఎవరన్నా వస్తే జవాబు చెప్పాల్సింది నేనే కదా.

చాసిబ్ సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కనుబొమల మీద ఏడాది పొడుగునా దూది నూగు. ఒక కాలు మడిచి నేలమీద కూర్చుని, మనిషెత్తు విల్లును ముందు పెట్టుకుని, కొయ్య సుత్తితో దాని నారి మీద కొడితే ఆ మోత మూడు సందుల అవతలికి వినబడేది. ఏళ్ళతరబడి నలిగి గడ్డకట్టిన పాత దూది కూడా ఆ నారి తగిలేసరికి విచ్చుకుని మోకాలెత్తు లేచేది. ఆ పనితనం చూసే ఊరంతా అతన్ని ఉస్తా, అంటే పనిలో గురువు, అనేది. పరుపు పూర్తయ్యాక దాని మీద అరచేత్తో ఒక్క దెబ్బ వేసి, ప్రతి గిరాకీకీ ఒకే మాట చెప్పేవాడు.

"దీని మీద పడుకున్నవాణ్ణి తెల్లవారుజాము అజాన్ తప్ప ఇంకెవరూ లేపలేరు. ఎవరో చెప్పింది కాదు, నా ఒంటిమీద చూసుకుని చెప్తున్నా."

అసలు సంగతి ఏమిటంటే, ఆ ఒళ్ళు నిద్ర ముఖం చూసి పదకొండేళ్ళయింది.

ఒక చలికాలం తడిసిన దూది మూటను ఎత్తబోయి, సగం వంగి అక్కడే ఆగిపోయాడు. నడుం దగ్గర మొదలైన మంట తుంటి మీదుగా, పిక్క వెనకగా బొటనవేలిదాకా దిగింది. దిగింది దిగినట్టే ఉండిపోయింది. పగలు పనిలో పడితే ఎలాగో ఓర్చుకునేవాడు, పడుకోగానే మొదలయ్యేది. వెల్లకిలా పడుకుంటే తుంటి, బోర్లా పడుకుంటే నడుం, ఎడమపక్కకు తిరిగితే కాలు, కుడిపక్కకు తిరిగితే మూడూ కలిసి. డాక్టరు చూసి నరం నొక్కుకుందన్నాడు. బరువులు ఎత్తకు, వంగి కూర్చోకు అన్నాడు. దూదేకేవాడితో వంగి కూర్చోకు అనడం, చేపను పట్టుకుని తడవకు అనడం ఒకటే. పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి చెవి మీద వాత పెడితే పోతుందన్నాడు. పెట్టించుకున్నాడు. నడుం నొప్పికి చెవి నొప్పి తోడయింది, గోరుచుట్టు మీద రోకటిపోటు. ఉప్పు కాపడం అయింది, ఇసుక కాపడం అయింది, వీపున కొమ్ములు పెట్టించి చెడురక్తం లాగించుకోవడం అయింది. ఒక్కొక్కటీ ఓ వారం పనిచేసేది. ఎనిమిదో రోజు నొప్పి ఇంటికి తిరిగొచ్చేది.

ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియకూడదని నా చేత, తన భార్య బద్రియా చేత ఒట్టు వేయించుకున్నాడు.

"రొట్టెలవాడు ఆకలితో చస్తున్నాడంటే ఆ కొట్లో ఎవడన్నా రొట్టె కొంటాడా? పరుపులు కుట్టేవాడికి నిద్ర పట్టదని తెలిసిందంటే నా పనీ, నీ పనీ అయిపోయినట్టే చెల్లీ" అన్నాడు.

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని నేనూ నోరు మూసుకున్నాను. నా నోరు మూతపడడం అంటే మాటలు కాదు, మా సందులో ఎవరినైనా అడగండి.

ఎండాకాలం వస్తే మా ఊళ్ళో ఇంట్లో ఎవరూ పడుకోరు. పొద్దు వాలగానే డాబా మీద నీళ్ళు చల్లి, మంచాలు వేసి, పిట్టగోడ మీద కూజా పెట్టి, పుచ్చకాయ కోసుకు తిని నడుం వాల్చడమే. డాబాలన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, మధ్యన పిట్టగోడలే. పక్క డాబా మీద ఎవరెలా పడుకున్నా చూడకూడదు, చూసినా చూడనట్టే ఉండాలి. అది మర్యాద. ఆ మర్యాదకూ నాకూ కాస్త దూరం. పైగా చాసిబ్ మంచానికీ నా మంచానికీ మధ్య ఉన్నవి ఒక పొట్టిగోడ, ఒక దుప్పటి తెర. అతని రాత్రులన్నీ నాకు కంఠతా వచ్చు.

ముందు మంచం మీద ఒక గంట. తర్వాత లేచి డాబా పొడుగునా నడక. ఆ తర్వాత వట్టి ఇటుకల మీద పడక. అదీ చాలకపోతే నేలమీదే పడుకుని కాళ్ళు రెండూ గోడ మీదికి ఎత్తిపెట్టడం. చివరికి కనిపెట్టిన ఉపాయం, పిట్టగోడ మీద గుర్రమెక్కినట్టు అటోకాలు ఇటోకాలు వేసుకుని కూర్చోవడం. అలా కూర్చుంటే తుంటి సర్దుకుని ఒక కునుకు పట్టేదట. ఒకసారి ఆ కునుకులో మోచెయ్యి తగిలి కూజా వీధిలోకి పోయింది. ఈల వేసుకుంటూ వస్తున్న రాత్రి కాపలావాడికి జానెడు దూరంలో పడి పగిలింది. వాడు కింద నుంచి టార్చి వేసి "ఎవరది?" అంటే, చాసిబ్ మీద నుంచి "మ్యావ్" అన్నాడు. వాడు నమ్మాడో లేదో నాకు తెలీదు గానీ, ఆ మర్నాటి నుంచి మా సందుకు సరిగ్గా నడిమధ్యన నడిచేవాడు.

రాత్రి రాని నిద్ర పగలు చెప్పాపెట్టకుండా వచ్చేది. ఒకసారి రజాయి కుడుతూ కునికి, తన పొడుగు చొక్కా అంచును దానికి కలిపి కుట్టేసుకున్నాడు. ఆ ఇంటివాళ్ళు వచ్చి రజాయి పట్టుకుని లాగితే ఉస్తా కూడా లేచాడు. "పొడుగు సరిపోయిందో లేదో చూసుకుంటున్నా" అన్నాడు, తడుముకోకుండా. ఇంకోసారి ఒక గుమస్తా ఇంటి పరుపులో టీ గ్లాసు, చెంచాతో సహా వెళ్ళిపోయింది. వాళ్ళు పక్కకు తిరిగినప్పుడల్లా గలగలమంటుంటే, మంచంలో ఏదో చేరిందని భయపడి మంచాన్ని అమ్మేసుకున్నారు. కొన్నవాళ్ళకు మంచం బాగానే పనిచేసిందని విన్నాను.

ఇంక సందు చివరి ముసలాయన పోయినప్పటి సంగతి. పరామర్శకు వెళ్ళి తల వంచుకుని కూర్చున్న చాసిబ్, గంటన్నర ఎత్తలేదు. ఎంత అభిమానమో చూడండని మగవాళ్ళందరూ చెప్పుకున్నారు. పోయినాయన కొడుకు కళ్ళనీళ్ళతో దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసేసరికి గురక వినిపించింది. దుఃఖం గొంతుకు అడ్డం పడితే మా ఉస్తాకు అలాగే అవుతుందని, ఆడవాళ్ళ గదిలోంచి నేను కబురు పంపించాల్సి వచ్చింది.

ఇన్ని పాట్లలోనూ అతనికి ఒక్కటే తృప్తి.

"బద్రియాది మొద్దునిద్ర. పక్కన పిడుగు పడ్డా లేవదు. ఇంట్లో ఒక్కళ్ళన్నా నా పరుపు పరువు నిలబెడుతున్నారు" అనేవాడు.

బద్రియా వినేది, ఏమీ అనేది కాదు. ఆవిడ మాటలు పొదుపు. ఆ లోటు నేను తీర్చేదాన్ని.

ఇలా ఉండగా చాసిబ్ ఇంటికి కుడిపక్క ఇంట్లోకి నౌఫల్ వచ్చాడు. ఇరవై ఆరేళ్ళవాడు, పెళ్ళి కాలేదు, ముసలి తల్లితో ఉంటాడు. ఆవిడ మెట్లెక్కలేక కిందే పడుకునేది, డాబా మీద వాడొక్కడిదే మంచం. బజార్లో స్పాంజి పరుపుల కొట్టు పెట్టాడు. కొట్టు ముందు ఒక పరుపు పడేసి, వచ్చేపోయే పిల్లల్ని దాని మీద ఎగరమనేవాడు. ఏకక్కర్లేదు, ఏడాదికోసారి విప్పి కుట్టక్కర్లేదు, ఎండబెట్టక్కర్లేదు, ఒక్క చేత్తో ఎత్తొచ్చు అని చెప్పేవాడు. చెప్పినవన్నీ నిజాలే, అదే నా బాధ. రెండేళ్ళు తిరక్కుండా నా కుట్టుమిషను వారంలో మూడు రోజులు ఖాళీగా కూర్చోవడం మొదలుపెట్టింది.

చాసిబ్‌ని చూస్తే వాడికి ఆటగా ఉండేది.

"ఏం ఉస్తా, ఇంకా ఆ వాయిద్యం వాయిస్తూనే ఉన్నావా? పెళ్ళిళ్ళకి పిలుస్తున్నారా?" అనేవాడు గోడ మీద నుంచి.

"పిలుస్తున్నార్రా. నీ పరుపు మీద పడుకున్న పెళ్ళికొడుకుని పొద్దున్నే పిండి ఆరెయ్యాలి కదా, సాయం రమ్మంటున్నారు."

"అదంతా చెమట కాదు ఉస్తా, సుఖం."

"సుఖమో దుఃఖమో మీ అమ్మనడుగు. కింద గదిలో ఆవిడ పడుకునేది నేను కుట్టిన దూది పరుపు మీదే."

నౌఫల్ నవ్వేవాడు. వాడిలో కుళ్ళు లేదు, వ్యాపారం ఉంది. ఇద్దర్లో ఎవరు గెలిచినా రెండోవాడు గోడ మీది కూజాలోంచి నీళ్ళు పోసి ఇచ్చేవాడు.

ఆ ఏడు మంచి ఎండల్లో హజ్ చేసొచ్చిన హజ్జియా మలూక్ కూతురికి పెళ్ళి కుదిరింది. ఎదురు వరసలో పెద్ద ఇల్లు వాళ్ళది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆవిడ ఏ గుడ్డ కడితే ఆ గుడ్డ కడతారు, ఏ గిన్నె కొంటే ఆ గిన్నె కొంటారు. పెళ్ళికి ఏడు పరుపులు, పన్నెండు రజాయిలు కావాలి. దూదే అని ఆవిడ అంటే ఊరు ఇంకో పదేళ్ళు దూదే అంటుంది. స్పాంజి అంటే చాసిబ్ విల్లు గోడకు తగిలించాల్సిందే. ఆ మాట నాతో అన్నది చాసిబే. యాభై నాలుగేళ్ళ వయసులో, ఆ నడుంతో, ఇంకో పని నేర్చుకోవడం జరిగేది కాదు.

హజ్జియా నన్ను వీధిలో ఆపి, "పెళ్ళికొడుకు వాళ్ళు స్పాంజి కావాలంటున్నారు. మా అమ్మ పరుపు కుట్టింది చాసిబ్ తండ్రి, ఆ సంగతి నేను మర్చిపోను. గురువారం పొద్దున్నే వచ్చి అతనితోనే మాట్లాడి తేల్చుకుంటా" అంది.

బుధవారం సాయంత్రం చాసిబ్ మందులషాపుకు వెళ్ళి కొత్తరకం మాత్రలు తెచ్చుకున్నాడు. హజ్జియా ఎదుట ఎర్రకళ్ళతో కూర్చుంటే బాగుండదని, ఆ ఒక్క రాత్రికన్నా పడుకోవాలని అతని ఆశ. సగం మాత్ర చాలని షాపతను చెప్పాడట. పది గంటలకు సగం వేసుకున్నాడు. పన్నెండుకు మిగిలిన సగం వేసుకున్నాడు. తర్వాత పైన ఇంకో సగం. తోడులేక మొదటివి పనిచేయడం లేదేమోనని వేశానని తర్వాత నాతో చెప్పాడు. వేసుకుని, అలవాటు ప్రకారం కుడివైపు పిట్టగోడ మీద గుర్రమెక్కి కూర్చున్నాడు.

నౌఫల్ సరుకు కోసం బాగ్దాద్ వెళ్ళాడు. గోడ పక్కనే వాడి మంచం ఖాళీగా ఉంది. ఒక్క నిమిషం కాలు చాపుకుందామని చాసిబ్ అటు దిగాడు. దిగడం తేలికే. నౌఫల్ డాబా కాస్త పల్లం. చాసిబ్ వైపు మోకాలెత్తు ఉన్న గోడ అటువైపు నుంచి నడుమెత్తు అయింది. తిరిగి ఎక్కబోతే కాలు లేవలేదు. మూడుసార్లు చూశాడు, లేవలేదు. ఎవరినన్నా పిలిస్తే సందు మొత్తం లేస్తుంది. కాస్త ఓపిక తెచ్చుకుని ఎక్కుదాంలే అని మంచం అంచున కూర్చున్నాడు. ఆ తర్వాత ఏం జరిగిందో అతనికి తప్ప అందరికీ తెలుసు.

అజాన్‌కు నాకు మెలకువ వచ్చింది. వెలుగు ఇంకా సరిగ్గా రాలేదు. లేచి చూస్తే బద్రియా ఆ చివర పిట్టగోడ మీద కూర్చుని ఉంది, చేతిలో ఈతాకు విసనకర్ర. ఇంత పొద్దున్నే ఎవరికి విసురుతోందా అని తెర తప్పించి, వాళ్ళ డాబా మీదుగా వెళ్ళి తొంగిచూశాను. నౌఫల్ మంచం మీద, నౌఫల్ స్పాంజి పరుపు మీద, మా ఉస్తా చాసిబ్ నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు.

ఇంకాసేపట్లో డాబాలన్నీ లేస్తాయి. ఎదురు డాబా హజ్జియాది.

"వదినా, లేపు. ఇంకా చీకటిగానే ఉంది. నేనూ ఓ చెయ్యి వేస్తా, ఇద్దరం కలిసి ఇటు లాగేద్దాం" అన్నాను.

బద్రియా తల అడ్డంగా ఊపింది.

"వదినా, గురువారం ఇవాళ."

"తెలుసు."

ఈవిడకు మతి చలించిందనుకున్నాను. నా ఎదుట ఏడు పరుపుల గలీబుల చారల గుడ్డ కనబడుతోంది, కుట్టకుండా మిషను పక్కన చుట్టచుట్టి ఉన్నట్టు. గోడ మీద పళ్ళెంలో రాత్రి తిన్న ఖర్జూరం గింజలున్నాయి. ఒకటి తీసి చాసిబ్ మీదికి విసిరాను. పొట్ట మీద తగిలింది. అతను చప్పరించి, కుడిపక్కకు తిరిగి, మళ్ళీ గురక పెట్టాడు. మూలగలేదు. పదకొండేళ్ళలో ఆ మనిషి మూలగకుండా పక్కకు తిరగడం నేను చూడలేదు. రెండో గింజ తీసుకోబోతే బద్రియా నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం ఉందని నాకు అంతకుముందు తెలీదు.

పొద్దు పొడిచింది. డాబాల మీద దోమతెరలు ఎత్తుతున్నారు, పక్కలు చుడుతున్నారు. చూడకూడదన్న మర్యాద ఒక్కొక్క డాబా మీదా ఒక్కొక్కరు మర్చిపోయారు. పిల్లలు నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. బద్రియా దుప్పటి తెచ్చి, గోడ మీద నుంచి వేలాడదీసి, భర్త ముఖం మీద ఎండ పడకుండా పట్టుకుని కూర్చుంది. రెండో చేత్తో ఈగలు తోలుతోంది. ఎదురు డాబా మీద హజ్జియా మలూక్ టీ తాగుతూ నిలబడింది. ఆ గ్లాసు అయ్యాక ఇంకో గ్లాసు పోసుకుంది.

మొదటి బండికి నౌఫల్ దిగాడు. సంచీ భుజాన వేసుకుని డాబా ఎక్కి, మంచం చూసి, సంచీ కింద పడేశాడు.

"ఓర్నాయనో, ఇదేం అదృష్టం. ఇంక కొట్టు ముందు పిల్లల్ని ఎగరెయ్యక్కర్లేదు. ఉస్తానే తీసుకెళ్ళి పడుకోబెడతా. ఏం హజ్జియా, చూస్తున్నారా?" అని ఎదురు డాబాకు వినబడేట్టు నవ్వాడు.

"నవ్వుకో నాయనా, నవ్వుకో. కాస్త చిన్నగా నవ్వుకో" అంది బద్రియా.

వాడు ఆమె ముఖం చూశాడు. ఏం కనిపించిందో, గొంతు తగ్గించి, తన మంచం పక్కనే నేలమీద చతికిలబడి చెప్పులు విప్పుకున్నాడు.

ఎనిమిది దాటాక మీగడ అమ్మే ఆవిడ కేకకు చాసిబ్ లేచాడు. ఒళ్ళు విరుచుకుని, కళ్ళు తెరవకుండానే, "బద్రియా, ఎంత బాగా పడుకున్నానే" అన్నాడు. సందు సందంతా విన్నది. అప్పుడు అతని చెయ్యి పరుపును నొక్కింది. నొక్కిన చోట గుంట పడి, చెయ్యి తియ్యగానే పైకి తేలింది. చాసిబ్ కళ్ళు తెరిచాడు.

గోడ ఎక్కలేడు కదా, నౌఫల్ ఇంటి మెట్లే దిగి, వాళ్ళమ్మకు సలాం చెప్పి, వట్టి కాళ్ళతో, రాత్రి చొక్కాతో వీధిలోంచి తన ఇంటికి రావాల్సి వచ్చింది. పది అడుగుల దూరమే. ఆ పది అడుగులూ నేను చూడలేకపోయాను.

హజ్జియా చెప్పిన వేళకే వచ్చింది. చాసిబ్ తేలు కుట్టిన దొంగలా గోడవార కూర్చున్నాడు. నేనొక అబద్ధం వండి పెట్టుకున్నాను. నౌఫల్ సరుకులో నాణ్యమెంతో పరీక్ష చేసి ఊరికి చెబుదామని ఉస్తా వెళ్ళాడని చెప్పాలి. నోరు తెరవబోతుంటే చాసిబ్ చెయ్యెత్తి ఆపాడు.

"నిజమే హజ్జియా. స్పాంజి మీదే పడుకున్నా."

"అందరం చూశాంలే. నిద్రెలా పట్టింది?"

"చచ్చినట్టు పట్టింది."

"అయితే పరుపు మంచిదేనన్నమాట."

"అది పరుపు మహిమ కాదు, మాత్ర మహిమ. ఒకటిన్నర మింగాను. నిద్ర సుఖమెరగదంటారు, ముళ్ళ మీద పడేసినా పడుకునేవాణ్ణి. పదకొండేళ్ళుగా నాకు నిద్ర లేదు హజ్జియా. నడుం పోయింది. మీ అందరికీ అబద్ధం చెప్తూ వచ్చాను. నేను కుట్టిన పరుపులకేం లోటు లేదు, లోటు నా ఒంట్లో ఉంది. రాజుగారి పరుపు వేసినా ఈ నడుం ఇంతే."

నా తల గోడకేసి కొట్టుకుందామనిపించింది. పదకొండేళ్ళు కాపాడిన ఒట్టు, అతనే తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. కానీ చెప్పాక అతని భుజాలు కిందికి దిగాయి. మూట దించినవాడి భుజాలు దిగినట్టే దిగాయి.

హజ్జియా పీట లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"పదకొండేళ్ళా. మా ఆయన మోకాలు ఒక్క రోజు నొప్పెడితే ఇల్లు పీకి పందిరేస్తాడు" అంది. "చూడు చాసిబ్, పెళ్ళికొడుకు వాళ్ళ మాట నేను కాదనలేను. పరుపులు నౌఫల్ దగ్గరే తీసుకుంటా. రజాయిలు మాత్రం పన్నెండూ నువ్వే చెయ్యి. స్పాంజి కప్పుకుని పడుకునే మార్గం ఇంకా ఎవరూ కనిపెట్టలేదుగా. దూది వచ్చే వారం పంపిస్తా. తొందరేం లేదు. కూర్చోలేనప్పుడు లే, లేవలేనప్పుడు పడుకో."

ఆవిడ వెళ్ళగానే చాసిబ్ బద్రియా వైపు తిరిగాడు. పొద్దుటి నుంచీ దాచుకున్న కోపం అంతా బయటికి వచ్చింది.

"నువ్వెప్పుడు చూశావు నన్ను?"

"దిగినప్పుడే."

"దిగినప్పుడా? నువ్వు పడుకున్నావు కదే."

"మూడుసార్లు ఎక్కబోయావు. చెయ్యందిద్దామని లేచి వచ్చేసరికి ఒరిగిపోయావు" అంది బద్రియా.

"అప్పుడే లేపొచ్చుగా. ఊరంతా నిద్రలో ఉంది. ఒక్క పిలుపు పిలిస్తే ఎవరికీ తెలిసేది కాదు. పరువు పోయింది, ఏడు పరుపులు పోయాయి. నీ నోట్లోంచి ఒక్క పిలుపు రాలేదా?"

"నేనూ అదే అడిగాను అన్నా" అన్నాను, అడగనిదే ఉండలేక.

"నువ్వు నిద్రపోతున్నావు" అంది బద్రియా. "గురక పెట్టావు. పక్కకు తిరిగావు, తిరిగి మళ్ళీ గురక పెట్టావు. ఏడు పరుపుల కోసం లేపమంటావా? డెబ్బై పోయినా లేపేదాన్ని కాదు."

చాసిబ్ తల తిప్పి డాబా మెట్ల వైపు చూశాడు.

"అయితే రోజూ రాత్రి నేను లేచి తిరిగినప్పుడు..."

"ఆ చివరికి పద్దెనిమిది అడుగులు వేస్తావు. నొప్పి ఎక్కువున్న రోజు ఇరవై మూడు. నేనూ లేచి కూర్చుంటే నీకు ఇంకో బాధ. అందుకని కళ్ళు మూసుకుని ఉండేదాన్ని."

గోడ ఇవతల నుంచి ఆ ఇంటి రాత్రులన్నీ నాకు కంఠతా వచ్చని విర్రవీగాను. పక్క మంచం మీద కళ్ళు మూసుకుని మేలుకుని ఉన్న మనిషిని ఒక్క రాత్రి కూడా చూడలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

చాసిబ్ "మరి నువ్వెప్పుడు పడుకుంటావే?" అని అడిగాడు.

బద్రియా కొంచెం సిగ్గుపడింది, అడగకూడనిది అడిగినట్టు.

"పగలు. నువ్వు దూది ఏకుతున్నంతసేపూ. విల్లు మోగుతుంటే నీకు ఫర్వాలేదని తెలుస్తుంది. అది ఆగితే మెలకువ వస్తుంది."

ఆ రోజు అతని చేతిలో పని లేదు. హజ్జియా దూది రావడానికి ఇంకా వారం ఉంది. గోడ పట్టుకుని లేచి, కుంటుకుంటూ డాబా ఎక్కి, తన మంచం మీది పరుపును ఈడ్చుకుంటూ దించాడు. కుట్లు తెంపి దూదంతా వసారాలో కుప్ప పోశాడు. అది మొన్న వసంతంలో ఏకిన దూదే, ఇంకా మెత్తగానే ఉంది. కాలు మడిచి కూర్చుని విల్లు ముందుకు లాక్కున్నాడు.

బద్రియా లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. చాసిబ్ ఆ దూదిని ఒకసారి ఏకాడు, కుప్ప తిరగేసి మళ్ళీ ఏకాడు. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. నుదుటి మీది చెమటకు దూది అంటుకుంది.

"అన్నా, నడుం పట్టేస్తుంది. ఇంక చాలు" అన్నాను గుమ్మంలోంచి.

"మెల్లగా మాట్లాడు చెల్లీ" అన్నాడు, అంత మోతలోనూ.

లోపలి గదిలో బద్రియా సాయంత్రందాకా పడుకుంది.